అడిగి చెప్పినవాడు

అమెరికా దక్షిణాదిన, మిసిసిపీ నది వంపు తిరిగే చోట న్యూ ఓర్లీన్స్ అనే ఊరుంది. 1718లో ఫ్రెంచివాళ్ళు కట్టిన ఊరు. మధ్యలో కొన్నేళ్ళు స్పెయిన్ ఏలింది. 1803లో ఫ్రాన్సు దగ్గర అమెరికా కొనుక్కుంది. ఏలినవాళ్ళు వెళ్ళిపోయారు గానీ వాళ్ళ వంటలు అక్కడే ఉండిపోయాయి. బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికావాళ్ళ బెండకాయ, ఆ నేల మూలవాసులైన చాక్టావుల ససఫ్రాస్ ఆకుపొడి, ఫ్రెంచివాళ్ళు కొవ్వులో దోరగా వేయించే గోధుమపిండి ఒక్కో ఇంట్లో ఒక్కో పాళ్ళలో కలిసి గంబో అనే చిక్కటి పులుసు పుట్టింది. తర్వాత సిసిలీ నుంచి వచ్చినవాళ్ళు, 1975 తర్వాత వియత్నాం నుంచి వచ్చినవాళ్ళు తమ వంతు కలిపారు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని రాత్రి ఎక్కడ తినాలో మాట్లాడుకునే జనం ఆ ఊరివాళ్ళు.

అలాంటి ఊరికి వచ్చిన కొత్తవాళ్ళు గదిలో సామాను పడేసి కిందికి దిగగానే అడిగే మొదటి మాట ఒకటే: "ఎక్కడ తినమంటారు?"

ఆ ఊళ్ళో కెనాల్ స్ట్రీట్ దగ్గర ఒక చిన్న హోటల్ ఉండేది. యజమాని తెనాలి వైపు నుంచి చాలా ఏళ్ళ కిందట వెళ్ళి స్థిరపడినాయన. హోటల్ గుమ్మం దగ్గర ఒక పెద్దాయన పనిచేసేవాడు. ట్రెమే అనే పాత పేటలో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. తలుపు తీయడం, పెట్టెలు అందుకోవడం, టాక్సీ పిలవడం ఆయన పని. లోపల డెస్కు దగ్గర యజమాని మేనల్లుడు ఉండేవాడు. హోటల్ మేనేజ్‌మెంటు చదువుకుని గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు. బుద్ధిమంతుడు, కష్టపడే మనిషి.

మేనల్లుడు వచ్చిన కొత్తలోనే ఊళ్ళో పేరున్న రెస్టారెంట్ల గురించి దొరికిందల్లా చదివాడు. ఒక జాబితా రాసి, ల్యామినేషన్ చేయించి బల్లమీద పెట్టాడు. ఆంత్వాన్స్, 1840లో మొదలైంది. ఆయిస్టర్స్ రాక్‌ఫెల్లర్ అనే వంటకం 1899లో పుట్టింది అక్కడే. కఫే డు మాండ్, 1862; పంచదార పొడి కప్పిన బెన్యేలు, చికోరీ కలిపిన కాఫీ. కమాండర్స్ ప్యాలెస్, 1893. గాలట్వార్స్, 1905. ముఫులెట్టా శాండ్‌విచ్‌కి సెంట్రల్ గ్రోసరీ, 1906. జాబితాలో ఒక్క తప్పు లేదు. ఎవరు అడిగినా ఆ కార్డు చేతికిచ్చి, ఏది ఎందుకు గొప్పో గడగడా చెప్పేవాడు.

పెద్దాయన దగ్గర ఏ కార్డూ లేదు. ఎవరైనా అడిగితే ముందు పేరు చెప్పేవాడు కాదు. "పొద్దున ఏం తిన్నారు?" అనేవాడు. "మీతో ఎవరెవరు వచ్చారు? తిననివి ఏమన్నా ఉన్నాయా? మళ్ళీ ఎన్నింటికి ఎక్కడుండాలి?" అనేవాడు. అడిగినవన్నీ విని, కాసేపు ఆలోచించి, అప్పుడు ఒకే ఒక్క చోటు చెప్పేవాడు. మేనల్లుడికి ఇదంతా చాదస్తంలా కనిపించేది. తిండి అడిగినవాళ్ళని కూర్చోబెట్టి పెళ్ళిచూపుల్లో ఆరా తీసినట్టు తీయడమేమిటి అనుకునేవాడు.

ఆ ఏడాది అతిథులకు ఊరి సంగతులు చెప్పడానికి లాబీలో విడిగా ఒక కుర్చీ, బల్ల వేయాలని యజమానికి తోచింది.

"ఆ కుర్చీలో నేను కూర్చుంటాను మావయ్యా," అన్నాడు మేనల్లుడు. "ఏ రెస్టారెంటు ఎప్పుడు పెట్టారో, దేనికి పేరో అన్నీ నాకు నోటికొచ్చు."

"నోటికొస్తే సరిపోతుందంట్రా?" అన్నాడు యజమాని. "సోమవారం నువ్వూ పెద్దాయనా ఇద్దరూ అక్కడ కూర్చోండి. వచ్చినవాళ్ళకి వంతులవారీగా చెప్పండి. ఆ తర్వాత చూద్దాం."

అది అక్టోబరు నెల. సోమవారం పొద్దున్నే మొదట దిగింది తెలుగువాళ్ళే. డాలస్‌లో ఉద్యోగం చేసే కొడుకు, కోడలు, మనవరాలు, వాళ్ళతోపాటు విజయవాడ నుంచి వచ్చిన మామ్మగారు. తెలుగు మాట వినపడేసరికి మేనల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

"మామ్మగారూ, మీరు మంచి రోజున వచ్చారు. ఈ ఊళ్ళో సోమవారం అంటే ఎర్ర గింజలూ అన్నమూ. రెడ్ బీన్స్ అండ్ రైస్ అంటారు. పూర్వం సోమవారం బట్టలు ఉతుక్కునే రోజు. ఆడవాళ్ళు పొద్దున్నే గింజలు పొయ్యిమీద పడేసి ఉతుకుళ్ళ పనిలో పడేవాళ్ళు. సన్నటి సెగమీద సాయంత్రానికి అవి గుజ్జులా ఉడికేవి. ఇప్పుడు ఉతకడానికి మిషన్లొచ్చినా సోమవారం ఆ వంట మాత్రం మానలేదు. మన రాజ్మా అన్నమే అనుకోండి."

"గింజలూ అన్నమూ అంటే నాకు ఇబ్బంది లేదు బాబూ," అంది మామ్మగారు.

ఆ మాటలోనే ఆవిడ ఏం తినదో ఉంది. మేనల్లుడు వినిపించుకోలేదు. పైగా తను చెప్పిన కథలో ఒక ముక్క వదిలేశాడు. ఆదివారం విందులో మిగిలిన పంది తొడ ఎముకను వేసి ఆ గింజలు ఉడికించడమే ఆ వంట కిటుకు. కార్డు వెనక అతను స్వయంగా రాసుకున్న సంగతే అది. కథ చెప్పే ఉత్సాహంలో అది అవసరం అనిపించలేదు.

రెస్టారెంట్లో ప్లేటు వచ్చింది. ముదురు ఎరుపు గుజ్జు, మధ్యలో గుండ్రంగా తిరగేసిన తెల్లటి అన్నం, పైన ఉల్లికాడల తరుగు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మామ్మగారు చెంచాతో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పొగ వాసన లాంటిదేదో తగిలింది. రెండో ముద్ద కలపబోతే చెంచా అంచుకి గుండ్రటి బిళ్ళ ఒకటి అడ్డం వచ్చింది. చుట్టూ ముడతపడ్డ తోలు, లోపల తెల్లటి కొవ్వు చుక్కలు. "ఇదేమిట్రా?" అంది. కొడుకు చూసి ఏమీ మాట్లాడకుండా ప్లేటు తన వైపు జరుపుకున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకొచ్చింది. ఆ పూటకి, ఆ రాత్రికి కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలే ఆవిడ భోజనం.

తిరిగొచ్చాక మేనల్లుడు ఎదురెళ్ళి "ఎలా ఉంది మామ్మగారూ?" అన్నాడు. కొడుకు ఏదో అనబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు మంచి మనసుతోనే చెప్పావు నాయనా. నేనేం తింటానో ఒక్కసారి అడిగుంటే బాగుండేది," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజే పెద్దాయన వంతుకి ఇద్దరు వచ్చారు. మొదటివాడు మెడలో కన్వెన్షన్ బ్యాడ్జీ వేలాడుతున్న కుర్రాడు. ఆంత్వాన్స్‌కి దారి అడిగాడు. "ఎన్నింటికి వెనక్కి రావాలి?" అన్నాడు పెద్దాయన. గంటలో రావాలన్నాడు. "కంపెనీ డబ్బా, మీ డబ్బా?" అన్నాడు. తనదేనన్నాడు కుర్రాడు, కొంచెం తగ్గిన గొంతుతో. "అక్కడ తీరిగ్గా కూర్చుని తినాలి. గంటలో తింటే డబ్బూ దండగ, భోజనమూ దండగ. ఈ పూట పోబాయ్ తినండి," అని పక్క వీధిలో ఒక దుకాణం చెప్పాడు.

పైన కరకరలాడే, లోపల దూదిలా ఉండే పొడుగాటి ఫ్రెంచి రొట్టెను చీల్చి, వేయించిన రొయ్యలు కూరి ఇస్తారు. "డ్రెస్డ్ అనండి, లెట్యూస్, టమాటా, పచ్చడి దోసకాయ ముక్కలు, మేయనీస్ వేసిస్తారు. సగం చాలు, మొత్తం తీసుకోకండి," అన్నాడు. రొట్టె వెనకున్న కథ కూడా చెప్పాడు. 1929లో ఊళ్ళో ట్రామ్ కార్మికులు సమ్మె కట్టారు. ఒకప్పుడు ట్రాముల్లోనే పనిచేసి తర్వాత హోటల్ పెట్టుకున్న మార్టిన్ అన్నదమ్ములు సమ్మెలో ఉన్నవాళ్ళకి ఊరికే భోజనం పెట్టారు. ఆ శాండ్‌విచ్‌కి పోబాయ్, అంటే పేద కుర్రాడు, అనే పేరు అప్పటి నుంచే వచ్చిందంటారు. కుర్రాడు రొట్టె తిని, నది ఒడ్డున కాసేపు నడిచి, చెప్పిన టైముకి ముందే వచ్చేశాడు.

రెండో ఆయన దూరం నుంచి క్రాఫిష్ కోసమే వచ్చాడు. రొయ్యకీ ఎండ్రకాయకీ మధ్యలో ఉండే మంచినీటి జీవి అది. మసాలా నీళ్ళలో ఉడికించి, కాగితాలు పరిచిన బల్లమీద కుమ్మరిస్తే నలుగురూ చుట్టూ నిలబడి ఒలుచుకు తింటారు. మేనల్లుడు కార్డు వైపు చెయ్యి చాచబోతుంటే పెద్దాయన అన్నాడు: "ఇప్పుడు వద్దండీ."

"అదేమిటి?"

"లూసియానాలో వరి కోశాక చాలామంది రైతులు ఆ మడుల్లోనే శరత్కాలంలో నీళ్ళు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. చలి వెనక్కి తగ్గే కొద్దీ పట్టడం మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మంచి ఊపు. అక్టోబరులో మీకు దొరికేది ఫ్రీజర్లో సరుకు. దానికోసం ఇంత దూరం వచ్చానని మీరే బాధపడతారు. ఈ పూట గల్ఫ్ రొయ్యలు తినండి, తాజాగా ఉన్నాయి. క్రాఫిష్‌కి ఏప్రిల్‌లో రండి."

ఆయన ముఖం చిన్నబోయింది. అయినా పెద్దాయన చెప్పినచోటికే వెళ్ళాడు.

రాత్రి మేనల్లుడు పెద్దాయనకి మామ్మగారి సంగతి చెప్పాడు. పెద్దాయన తప్పుపట్టలేదు. మర్నాడు పొద్దున మామ్మగారి ఎదురుగా కూర్చుని మేనల్లుడి చేత తెలుగులో అడిగించాడు. గుడ్డు తింటారా? వెల్లుల్లి పడుతుందా? పక్క బల్లమీద మాంసం ఉంటే కూర్చోగలరా? మాంసం వండిన గిన్నె కడిగి అందులో వండితే తింటారా? ఒక్కోదానికి ఆవిడ తీరిగ్గా జవాబు చెప్పింది. గుడ్డు తినదు. వెల్లుల్లి ఫరవాలేదు. పక్కన ఎవరేం తిన్నా ఇబ్బంది లేదు. గిన్నె మాత్రం వేరేది కావాలి.

పెద్దాయన ఫోను తీశాడు. ఆ ఊళ్ళో కూరగాయ అన్నంత మాత్రాన శాకాహారం కాదని ఆయనకి తెలుసు. ఆకుకూర ఉడికినా అందులో పంది ఎముక పడుతుంది. గంబో నీళ్ళలోనే రొయ్య తలల సారం ఉంటుంది. అందుకని వంటల పట్టిక అడగలేదు, వంటమనిషినే పిలిచి మాట్లాడాడు. ట్రెమేలో చిన్న భోజనశాల నడిపే ఒకావిడ, "రెండింటికి రమ్మను. రద్దీ తగ్గాక కొత్త గిన్నెలో నూనెతో వండిపెడతాను," అంది.

రెండింటికి మామ్మగారి ముందుకి వచ్చినవి వేడి వేడి అన్నం, ఉల్లిపాయ, టమాటా వేసి మగ్గబెట్టిన బెండకాయ. ఆవిడ ఒక ముద్ద తిని, కోడలి వైపు చూసి, "మన బెండకాయ కూరేనే. ఉల్లిపాయ ఒక పాలు ఎక్కువ వేశారు," అంది. రెండోసారి పెట్టించుకుంది. వంటావిడ వచ్చి పక్కన నిలబడితే, భాష రాకపోయినా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం మేనల్లుడు పెద్దాయనని అడిగాడు. "ఇన్ని అడగడం మీకు ఎవరు నేర్పారు?"

"మా నాన్న," అన్నాడు పెద్దాయన. "స్టేషన్లో పోర్టరు. నా చిన్నతనంలో ఈ ఊళ్ళో తెల్లవాళ్ళ హోటళ్ళలో మమ్మల్ని కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. రైలు దిగిన నల్లవాళ్ళు మా నాన్నని అడిగేవాళ్ళు, ఎక్కడ తినొచ్చని. అప్పట్లో మావాళ్ళ కోసం గ్రీన్ బుక్ అని ఒక పుస్తకం ఉండేది. న్యూయార్క్‌లో ఉండే విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మాన్ 1936లో మొదలుపెట్టాడు. ఏ ఊళ్ళో ఏ గుమ్మంలో మాకు చోటిస్తారో అందులో వేసేవాళ్ళు. మా నాన్న ఆ పుస్తకం చూసేవాడు, అయినా అడిగేవాడు. పిల్లలున్నారా, రాత్రి ఎటు వెళ్ళాలి, నడవగలరా అని. తప్పు చిరునామా ఇస్తే ఆ రోజుల్లో పోయేది ఒక పూట భోజనం కాదు బాబూ. మనిషి పరువు పోయేది. ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చేది."

కాసేపాగి మళ్ళీ అన్నాడు. "మా పేటలో డూకీ చేజ్ రెస్టారెంటు ఉంది చూడు, 1941 నుంచీ ఉంది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చోకూడదని చట్టం ఉన్న రోజుల్లో హక్కుల కోసం పోరాడేవాళ్ళు ఆ మేడమీద గదిలో కలిసి కూర్చునేవాళ్ళు. అక్కడి వంటావిడ లియా చేజ్ వాళ్ళకి గంబో వండిపెట్టేది. 1964లో చట్టం మారింది. ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అడిగే అలవాటు మా నాన్న మానలేదు, నేనూ మానలేదు."

మేనల్లుడు ఆ రాత్రే యజమాని దగ్గరికి వెళ్ళాడు.

"మావయ్యా, ఆ కుర్చీ పెద్దాయనకివ్వండి. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఈ కార్డు ఇక పనికిరాదు."

"కార్డు పారెయ్యకురా," అన్నాడు యజమాని. "అందులో ఉన్నవన్నీ నిజాలే. కష్టపడి సంపాదించావు. ముందు అడుగు, తర్వాత కార్డు తియ్యి."

ఏప్రిల్‌లో క్రాఫిష్ ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి కుటుంబంతో వచ్చి, అదే హోటల్లో రెండు గదులు తీసుకున్నాడు.

నీతి

అతిథికి తిండి చూపించేవాడు ముందు అతిథి ఎవరో తెలుసుకోవాలి. ఊళ్ళో ఏది గొప్పదో తెలియడం విద్య. ఎదురుగా ఉన్న మనిషికి ఏది సరిపడుతుందో తెలియడం వివేకం. మేనల్లుడికి విద్య ఉంది. వివేకం ఆ సోమవారం నుంచి మొదలైంది.

మేనల్లుడు చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదని గుర్తుంచుకోవాలి. గింజలూ అన్నమూ ఆ ఊరికి ప్రాణమే. ఉతుకుళ్ళ రోజు కథా నిజమే. నిజాలన్నీ చెప్పి కూడా ఆకలితో వచ్చిన మనిషిని పస్తు పడుకోబెట్టవచ్చు. మనం ఎవరికైనా తినే చోటు చెబుతున్నప్పుడు చాలాసార్లు చెప్పేది మన ఇష్టం గురించి, మనకున్న పరిచయాల గురించి. ఆ ఉత్సాహంలో ఎదుటి మనిషి అన్న చిన్న మాట చెవిన పడదు. మామ్మగారు తనకేం కావాలో చెప్పింది. వినే చెవి లేక అది వృథా అయింది.

అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఏవి తినరు, వెంట ఎవరున్నారు, ఎంత టైముంది, ఎంత ఖర్చు పెట్టగలరు. నాలుగో ప్రశ్న అడగడానికి మనకి మొహమాటం. పెద్దాయన దాన్ని ఎలా అడిగాడో చూడండి. "కంపెనీ డబ్బా, మీ డబ్బా?" అన్నాడు. ఆ కుర్రాడి పరువు పోకుండా సంగతి తెలిసింది. న్యూ ఓర్లీన్స్‌లో కొన్ని పాత రెస్టారెంట్లలో రాత్రి భోజనానికి మగవాళ్ళు కోటు వేసుకోవాలి. గాలట్వార్స్‌లో సాయంత్రం 5 దాటాక ఆ నియమం ఉంది. ఆ సంగతి చెప్పకుండా టీషర్టు మీద ఉన్న మనిషిని పంపితే గుమ్మంలో చిన్నబోయేది ఆయనే, మనం కాదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని మేడమీద హోటల్‌కి పంపినా, చంటిపిల్లతో వచ్చినవాళ్ళని గంటసేపు క్యూలో నిలబడే చోటికి పంపినా అంతే. గ్రీన్ బుక్ రోజులు పోయాయి. అయినా ఒక చోటు పేరు చెప్పేముందు "ఈ మనిషిని అక్కడ ఆదరంగా కూర్చోబెడతారా?" అని మనల్ని మనం ప్రశ్నించుకోవలసిన అవసరం మాత్రం అలాగే ఉంది.

తిండికి కాలం ఉంటుంది. న్యూ ఓర్లీన్స్‌లో కింగ్ కేక్ జనవరి 6న మొదలై మార్డి గ్రా పండగతో ముగుస్తుంది. డూకీ చేజ్‌లో రకరకాల ఆకుకూరలతో చేసే పచ్చ గంబో ఈస్టరు ముందు గురువారం నాటి వంట. మన దగ్గరా అంతే. గోదావరికి ఎర్రనీరు తగిలే వానాకాలంలో ఎదురీదుకుంటూ వచ్చే చేప పులస. జనవరిలో పులస తినిపిస్తామని ఎవరినైనా తీసుకెళ్తే, వాళ్ళు తినేది పులస కాదు. హైదరాబాదు హలీం అసలు రుచి రంజాన్ నెలలో, సాయంత్రం ఉపవాసం విడిచే వేళ, వీధిలో పెట్టిన బట్టీల దగ్గర తెలుస్తుంది. తాటి ముంజలు ఎండాకాలంలోనే. అతిథి అడిగినదానికి కాలం కాకపోతే "ఇప్పుడు కాదండీ" అని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ పూట ఆయన ముఖం చిన్నబోవచ్చు. కానీ కాదన్న మాట నిజమని తెలిశాక, అవునన్న మాటని కూడా నమ్ముతాడు. క్రాఫిష్ కోసం వచ్చినాయన ఏప్రిల్‌లో కుటుంబాన్ని వెంటబెట్టుకొచ్చింది ఆ నమ్మకంతోనే.

ఇంకో సంగతి ఉంది. వచ్చినవాళ్ళందరినీ పేరున్న నాలుగు చోట్లకే తోలితే, అక్కడ క్యూలు పెరుగుతాయి, పేటల్లో చిన్న పొయ్యిలు ఆరిపోతాయి. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చి, వరదగోడలు తెగి, న్యూ ఓర్లీన్స్‌లో 80 శాతం నీట మునిగింది. ట్రెమేలో వేయించిన కోడికి పేరుపడ్డ విల్లీ మేస్ స్కాచ్ హౌస్‌కి ఆ ఏడాదే జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. కొన్ని నెలలకే అది నీళ్ళలో మునిగింది. ఎక్కడెక్కడి నుంచో స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు చేతులు కలిపి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. 2007లో తిరిగి తెరిచారు. ఆ తుపానులో మునిగిన డూకీ చేజ్ కూడా మళ్ళీ తలుపులు తీసింది. ఒక పేటలో పొయ్యి వెలిగితే ఆ పేటకి మనుషులు తిరిగొస్తారు. మామ్మగారికి బెండకాయ వండిన ఆ చిన్న భోజనశాల పేరు మేనల్లుడి కార్డులో లేదు. పెద్దాయన జ్ఞాపకంలో ఉంది. మనకి తెలిసిన అలాంటి చోట్లకి నలుగురిని పంపడం ఊరికి చేసే సేవ. అలాగే, పంపినందుకు హోటల్ వాళ్ళ దగ్గర కమిషన్ పుచ్చుకున్న రోజున మన మాట అతిథిది కాకుండా పోతుంది. అతిథి మేలూ, కమిషనూ ఒక నోట్లో ఇమడవు.

తెలుగువాళ్ళం పెట్టే చెయ్యి ఉన్నవాళ్ళమని మనకి పేరు. 2019లో యునెస్కో హైదరాబాదుని రుచుల నగరంగా గుర్తించింది. మన ఊళ్ళకి వచ్చేవాళ్ళు పెరుగుతున్నారు. వాళ్ళలో కారం అలవాటు లేనివాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, ఉల్లి వెల్లుల్లి తినని జైనులు, హలాల్ కాని మాంసం ముట్టనివాళ్ళు, బిర్యానీ మాట విని ఆశతో వచ్చినా రాత్రి అరగదని భయపడే పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళందరికీ ఒకే చార్మినార్, ఒకే బిర్యానీ హోటల్ చూపించి చేతులు దులుపుకోవద్దు. జొన్నరొట్టె దొరికే చోటు ఎవరికో కావాలి. పెరుగన్నం పెట్టే మెస్సు ఇంకెవరికో కావాలి. ఇంకొకరికి ఆ పూట బయట తిండి వద్దు, మీ ఇంట్లో పప్పన్నం చాలు.

ఈసారి మీ ఊరికి వచ్చిన చుట్టమో, స్నేహితుడో "ఎక్కడ తిందాం?" అంటే, నోటిదాకా వచ్చిన పేరుని ఒక్క నిమిషం ఆపండి. "మీరేం తింటారు? ఏం తినరు?" అని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. అవసరమైతే వంటమనిషికి మీరే ఫోను చేయండి. ఆ తర్వాతే చోటు చెప్పండి.